పుర్రచేతి కత్తెర

వన్‌టౌన్‌లో, పాత ఇనుప సామాన్ల సందు మలుపులో
ఆ కొట్టుకి పేరు లేదు. రేకు మీద రెండు ధరలే:
మిషన్ సాన నలభై, ఇప్పుడే.
చేతి సాన నూటపది, రేపు.

నలభై సుభానీది.
కరెంటు పోతే తప్ప ఆగడు.
నూటపది వాళ్ల మేనమామ నాగూల్ మీరాది.
కరెంటున్నా ఆగుతాడు.
మర వదులు చేసి, కత్తెరని చెవి దగ్గర పెట్టి
రెండుసార్లు ఆడించి,
అక్కడ పెట్టేసి టీకి పోతాడు.

మాఘమాసం. వారంలో నలభై మూడు జాకెట్లు.
నా పన్నెండంగుళాల కత్తెర బల్ల మీంచి పడి
మొద్దుబారింది.
రేపు అనే మాట వినే ఓపిక నాకెక్కడిది?
సుభానీకే ఇచ్చాను.

అబద్ధమెందుకు, ముచ్చటేసింది.
పట్టా గిర్రున తిరిగింది,
రవ్వలు లేచి, వాడి చొక్కాకి తగిలేలోపే చచ్చాయి.
రెండు నిమిషాలు.
పిడి నుంచి మొన దాకా ఒకటే గీత,
గీతలో నా ముక్కుపుడక మెరిసింది.
దీనికోసమా ముసలాయన ఒక రోజంతా తీసుకునేది, అనుకున్నాను.

ఇంటికొచ్చి సాటిన్ పరిచాను.
చిలకపచ్చ, మీటరు నాలుగొందల ఇరవై, పెళ్లికూతురి పిన్నిది.
కత్తెర కొయ్యలేదు.
నమిలింది.
పళ్లు లేని గేదె గడ్డిని నమిలినట్టు
గుడ్డని మడతేసుకుని నమిలింది.
పని నేర్చుకునే పిల్ల ఝాన్సీకి ఇచ్చాను.
దాని చేతిలో సర్రున సాగింది,
సాటిన్ మీదా, నాలుగు మడతల లైనింగు మీదా.
నా చేతిలోకి రాగానే మళ్లీ అదే నమలడం.

పదకొండేళ్లు నాతో ఉన్న కత్తెర
నన్ను గుర్తుపట్టలేదు.

పొద్దున్నే పోట్లాటకి వెళ్లాను.
సుభానీ పేపరు కోసి చూపించాడు,
తడి పేపరు కోసి చూపించాడు,
వాడి జుట్టులోంచి ఒక వెంట్రుక పీకి అదీ కోశాడు.
తిట్టడానికి ఏమీ దొరకలేదు.
నాగూల్ మీరా కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి అన్నాడు:
"మిషన్ తప్పేం లేదమ్మా ఏసుమణీ,
అది కత్తెరని కత్తెరలాగే చేసింది.
నీది పుర్రచెయ్యని దానికెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఈయనకి మాత్రం నేనెప్పుడు చెప్పాను?
మొదటిసారి వచ్చినప్పుడు
చిల్లర ఎడమచేత్తో లెక్కపెట్టానట, చూశాడట.
అప్పట్నుంచి లోపలి వైపు వెంట్రుకవాసి వంచి,
మర పావు చుట్టు బిగించి,
కుడిచేతివాళ్ల కోసం మీరట్‌లో పుట్టిన ఇనుముని
ఏడాదికి రెండుసార్లు నా వైపు తిప్పుతున్నాడట.
ఆ నూటపదిలోనే.

ఈ చేతి కణుపుల మీద మాస్టారి స్కేలు పడింది.
ఈ చేత్తో కూర వడ్డిస్తే మా అత్త విస్తరి పక్కకి జరిపేది.
చర్చిలో కానుకల సంచి దగ్గరికొస్తుంటే
నోటు కుడిచేతిలోకి మార్చుకోవడం నాకిప్పటికీ అలవాటు.
అందరూ చేతినే సరిచెయ్యబోయారు.
ఈయన ఇనుముని సరిచేసి
ఊరుకున్నాడు.

ఆ రోజు రేపు రమ్మనలేదు.
స్టూలు మీద కూర్చోబెట్టి, రాయి మీద నూనె చుక్క వేశాడు.
చుక్క రాయి మీద కాదు, పక్కన పడింది.
కంట్లో పొర.
సుభానీని పిలిచాడు. "నువ్వు పట్టు. నేను వింటా."
వాడు తోస్తుంటే ఈయన కళ్లు మూసుకుని
"ఇంకా... ఇంకా... చాల్రా. ఎక్కువైంది."
"ఎక్కువంటే ఎంత మామూ? నంబరు చెప్పు."
ఆయన దగ్గర నంబరు లేదు.
బొటనవేలు గాల్లో కొంచెం కదిలింది, అంతే.

మూడోసారికి కుదిరింది. కుదిరినట్టే ఉంది.
సుభానీ నలభై చాలన్నాడు,
మామ నూటపదే అన్నాడు,
వాళ్ల తగువు తేలేలోగా నా బస్సు పోయింది.

మెట్లు దిగుతూ వెనక్కి చూశాను.
మిషన్ వెనక గోడ మీద, ఫోన్ నంబర్ల మధ్య, సుద్దముక్కతో
నా పేరు, పేరు పక్కన పుర్ర అని
రాస్తున్నాడు సుభానీ.
రెండో అక్షరం తప్పు పోయింది.
అరచేత్తో తుడిచి
మళ్లీ రాశాడు.